బతికుండాల్సిన ముక్క

అన్నయ్యకి నెలల తరబడి జ్వరం. రాత్రయితే చెమటకి పక్కంతా తడిసి ముద్దయ్యేది. మెడలోనో చంకలోనో గడ్డ ఉంటే కోసి చూసేవారే. ఆ మాయదారి జబ్బు ఏరి కోరి పొట్టలో ఎడమవైపు, ప్లీహంలో నక్కింది. క్యాన్సరే అయితే ఏ రకమో తేలాలి, తేలితేనే మందు.

ఎండోస్కోపీ గదిలో నర్సుగా చేసే చెల్లెలే ఆ రోజు సీసాలు పట్టుకుంది. "సొంతవాళ్ళ కేసులో నీకెందుకమ్మా, బయట కూర్చో" అన్నాడు డాక్టరు. వింటేగా, మొండిఘటం.

డాక్టరు గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దించాడు. దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో ప్లీహం తెర మీద బూడిదరంగులో, మధ్యమధ్య నల్లటి మచ్చలతో కనిపించింది. "ప్లీహమంతా రక్తమే. రెండుసార్లే గుచ్చుతా, మూడోసారి నా వల్ల కాదు" అంటూ కడుపు గోడలోంచి సూది పంపాడు.

మొదటి ముక్క ఫార్మలిన్ సీసాలోకి వెళ్ళింది. రెండోది మాత్రం గులాబీరంగు ద్రవంలో వెయ్యాలి. అందులో కణాలు బతికుంటాయి, బతికున్న కణాల్లోనే ల్యాబులో మిషను క్యాన్సర్ రకం తేల్చగలదు. ఫార్మలిన్‌లో పడితే ఉన్నపళాన చస్తాయి. ఇదంతా చెల్లెలికి కొట్టిన పిండే. కానీ ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ చెయ్యి దాని మానాన అది ఫార్మలిన్ వైపే పోయింది.

"అందులో వద్దు చెల్లీ, చచ్చిపోతా."

అచ్చం అన్నయ్య గొంతు. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అన్నయ్యేమో మత్తులో ఉన్నాడు, నోట్లో గొట్టం, మాట్లాడే వీలే లేదు. గదిలో ఇంకెవరూ తలైనా ఎత్తలేదు. ఆమె ముక్కని గులాబీ ద్రవంలో వేసి మూత బిగించింది.

రిపోర్టు వచ్చింది. లింఫోమా అనే క్యాన్సర్. ఫార్మలిన్ ముక్కతో రకం తేల్లేదట, రెండోదే పట్టించింది. "దీనికి మందుంది, భయం లేదు" అన్నాడు డాక్టరు. వదిన వచ్చి చెల్లెలి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. చెల్లెలికి మాత్రం సంతోషం సగమే దక్కింది. ఆ రోజు బతిమాలింది అన్నయ్య కాదనీ, ఆ ముక్కలోని జబ్బేననీ ఆమెకి రిపోర్టు విన్నాకే తట్టింది. బతకాలన్న ఆశకొద్దీ దాని గుట్టు అదే బయటపెట్టుకుంది, పాపం.

మందెక్కించే రోజు సెలైన్ గొట్టానికున్న, చుక్కలు వదిలే చక్రం మీద చెల్లెలే వేలు పెట్టింది. అన్నయ్య నిద్రపోతున్నాడు. పెదాలు కదల్లేదు. దుప్పటి కింద, ఎడమ డొక్కలోంచి వచ్చింది ఆ గొంతు.

"ఆ రోజు కాపాడావు కదా చెల్లీ. ఇప్పుడెందుకు చంపుతావు?"

చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన గొంతే. ఒకవేళ ఇది నిజంగా అన్నయ్యే అయితే? ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళైనా తుడుచుకోకుండా చక్రం తిప్పేసింది. మందు దిగేకొద్దీ చెల్లీ, చెల్లీ అంటూ ఆ గొంతు సన్నబడి, చివరికి ఆగిపోయింది.

అన్నయ్య కళ్ళు తెరిచాడు. ఆమెని చూసి నవ్వి, ఏదో అనబోయాడు. పెదాలు ఆడాయి, మాట రాలేదు.

జబ్బు పూర్తిగా నయమైంది. గొంతు ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. అన్నయ్య ఇప్పటికీ చెల్లెల్ని చప్పట్లు కొట్టి పిలుస్తాడు.