పొడుగు మొక్కలు తిన్న బర్రె

అంజన్న చేసింది గౌలిపురలో ఎవరూ తప్పనరు. పచ్చిమేత కనబడితే పశువుకు తేనివాడే అక్కడ తెలివితక్కువవాడు.

అతను పరిశోధన తోటలో కుండీల కూలీ. మొక్కజొన్న ఎరువును ఎంత పీల్చుకుంటుందో కనిపెట్టడానికి గోపాలకృష్ణమూర్తి సారు ఎరువులో కిరణాలు చిమ్మే భాస్వరం కలిపారు. ఎక్కువ కలిపిన కుండీల్లో మొక్కలు గిడసబారాయి. ప్రతి కుండీలో ఒత్తుగా ఉన్న అదనపు మొక్కలన్నీ పీకి మూత డ్రమ్ములో వేయమన్నారు. పీకినవాటిలో గిడసవే మందు తాగినవనుకుని అంజన్న వాటిని డ్రమ్ములో వేశాడు. నిగనిగలాడే పొడుగువి వారంపాటు ఇంటికి మోశాడు. చూలు బర్రె ఆబగా తిని నిన్న ఈనింది.

పొద్దున డ్రమ్ములో మొక్కలు తక్కువొచ్చాయి. అడిగితే అంజన్న ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పొడుగువాటికీ మందు వేశామయ్యా. కాస్త తక్కువ, అంతే," అన్నారు సారు.

అంజన్న ఇంటిదారి పట్టాడు. ఇంట్లో అతని భార్య చంద్రమ్మ వాడంతా పంచడానికి జున్ను వండుతోంది. వాడలో ఇంటికో పసిపిల్ల.

సారు కొలిచే పెట్టె తీసుకుని వెంట వచ్చారు. బర్రె దగ్గర పెడితే టిక్కుటిక్కుమంది. గోడ దగ్గరా అలాగే టిక్కుటిక్కుమంది.

"గోడ గూడ మేసిందా సారూ?" అంది చంద్రమ్మ.

ఆ పెట్టె ఎక్కడైనా కొంచెం టిక్కుమంటుందని, తేడా లేదు కాబట్టి భయం లేదని సారు చెప్పారు. అయినా పద్నాలుగు రోజులు పాలు ఎవరికీ పోయవద్దన్నారు. అప్పటికి భాస్వరం కిరణాల్లో సగం పోతుందట.

"మిగిలిన సగం?" అన్నాడు అంజన్న.

"ఇంకో పద్నాలుగు రోజులకు అందులో సగం."

"గట్ల సగంల సగం పోతుంటే మొత్తం ఎప్పుడు పోతది సారూ?"

సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. చంద్రమ్మ జున్ను గిన్నె అందిస్తే, శనివారం ఒక్కపొద్దని చెప్పి వెళ్లిపోయారు. పొద్దున ఆయన క్యాంటీన్లో పూరీ తిన్నట్టే అంజన్నకు గుర్తు. అది నిన్ననేమో.

అంతలో పక్కింటి నాగమణమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఖాళీ గిన్నెతో వచ్చింది. ఈసారి జున్ను లేదన్నాడు అంజన్న.

"ఇల్లంత బెల్లం వాసనొస్తుంటే లేదంటవేంది మరిదీ? జున్ను దాచుకుంటే బర్రె పాలు దాచుకుంటది," అని విసవిసా వెళ్లింది.

అంజన్న వేలితో తీసి నాకాడు. ప్రతి ఈతకూ ఉన్నట్టే తియ్యగా, మిరియం ఘాటుగా ఉంది. అదే అతనికి అంతుబట్టలేదు.

"పారబొయ్యనా?" అంది చంద్రమ్మ.

"ఎక్కడ పోస్తవే? పోసిన కాడ గడ్డి మొలుస్తది. మళ్ల మన బర్రే మేస్తది."

గిన్నె పట్టుకుని ఇద్దరూ వాకిట్లో నిలబడ్డారు.