నల్లసిరా పేరు

మా పటాల ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. వంతెన, బావి, షెడ్లు లాంటి మాటలు ఏ చోటికైనా సరిపోతాయి కాబట్టి వాటిని బూడిదరంగులో సన్నగా రాస్తాం. ఒక్క చోటుకే చెందిన పేరైతే నల్లసిరాతో రాస్తాం. నల్లసిరా పడ్డచోట ఇళ్ళు కూల్చాలంటే ముందు నోటీసివ్వాలి, బదులు ఇల్లు చూపించాలి. బూడిదరంగు చోటికి ఆ బాధ లేదు, బుల్డోజరు వస్తే చాలు.

ఈ తేడా నాకు నేర్పింది మా బావ, అక్క మొగుడు. ఆఫీసులో నా పైఅధికారి కూడా ఆయనే. బావలు ఊరినిండా ఉంటారనీ, నీ బావనంటే నేనొక్కణ్ణేననీ చెప్పి నవ్వించేవాడు.

నన్ను పెంచిన మేనత్త దర్జీల సందులో ఉంటుంది. ఒకే గది, ఒకే కుట్టుమిషను. పాత పటంలో ఆ సందంతా "షెడ్లు". కొత్త పటం పని నాకు పడగానే గడపగడపా తిరిగి, దర్జీల సందన్న పేరు నిజమేనని ఇరవై ముగ్గురి చేత రాయించుకుని, నల్లగా దిద్ది బావ చేతికిచ్చాను. మా పిల్ల మమ్మల్ని పటం ఎక్కించిందని అత్త కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

అచ్చయి వచ్చిన పటంలో మళ్ళీ షెడ్లే. జతచేసిన తనిఖీ ఫారంలో, ఇక్కడ ఏ పేరూ వాడుకలో లేదని ఉంది. కింద నా సంతకం.

పని ఆగకూడదని మేమందరం ప్రతి సోమవారం ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఆయనకిచ్చేస్తాం. ఇంటి మనిషే కదా అని నేనైతే లెక్క కూడా చూసుకోలేదు. తడిగుడ్డతో గొంతు కోశాడు. ఒళ్ళు మండిపోయింది.

అడిగితే తలెత్తలేదు. రోడ్డు అటే పోవాలని పైవాళ్ళు పట్టుబట్టారట, తన ప్రమోషన్ దానిమీదే ఉందట.

"అత్తకి నేనేం చెప్పను బావా?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. పొద్దున్నే వెళ్ళి కాగితం చూపించి వచ్చాను."

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అత్త కుట్టుమిషనుకి తాడు కడుతోంది. పక్కనే ఆ ఫారం నకలు.

"అత్తా, సంతకం నాదే గానీ అది నేను రాయలేదు" అన్నాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది.

ఆమె తాడు ముడివేసి, స్టూలు నావైపు జరిపింది.

"కూర్చోండి" అంది.

పుట్టి బుద్ధెరిగాక అత్త నన్ను మీరు అనడం అదే మొదటిసారి.