గేదె కోసం నీళ్ళు

ఆ వారంలో చేయవలసిన పనులు ఇవి:

విద్య సినిమాలో మిగిలిన దృశ్యాలన్నీ కంప్యూటర్ చేత పూర్తి చేయించాలి.
ఆ కంప్యూటర్ వేడెక్కి మధ్యలో ఆగిపోకుండా చూడాలి.
అందుకు నీళ్ళతో చల్లబరిచే సరంజామా ఏది కొనాలో తేల్చుకోవాలి.
ఆదివారం సాయంత్రంలోగా సినిమాను శాంటా క్లారా యానిమేషన్ పోటీకి అందించాలి.
అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి చెప్పి వంటింటి కొళాయి బాగుచేయించాలి.

చివరిది ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా కాలేదు. మొదటి నాలుగింటి సంగతి చెబుతాను.

అది 2010 ఆగస్టు. ఫ్రీమాంట్‌లో మాది మేడ మీది వాటా, ఏసీ లేదు. నేను రోజూ రైల్లో శాంటా క్లారా ఆఫీసుకి వెళ్ళి వచ్చేవాణ్ణి. నా భార్య విద్య హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలో పనిచేసింది. ఇక్కడ ఆమెది భర్త వెంట వచ్చినవాళ్ళకిచ్చే హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పార్టీల్లో "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగినవాళ్ళు జవాబు సగంలో ఉండగానే "ఓ, హెచ్-ఫోరా" అని పులిహోర వైపు తిరిగేవారు. ఆమె ఇంటికొచ్చి గేదెను గీసేది.

సినిమా ఆ గేదెదే. అది ఫ్రీమాంట్ దగ్గర పట్టాల మీద పడుకుని నెమరు వేస్తుంటుంది. రైలు ఆగిపోతుంది. రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోని ప్రయాణికులు ఆ పూట మాట్లాడుకోవలసి వస్తుంది. బొమ్మల పని అయిపోయింది. ఇక ప్రతి దృశ్యంలోని వెలుగునూ నీడనూ కంప్యూటర్ లెక్కకట్టాలి. గేదె ఒంటి మీది వెంట్రుకల దగ్గరికి రాగానే లోపలి ఫ్యాన్లు మిక్సీలా అరిచేవి, కాసేపటికి అంతా ఆగిపోయేది. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టినా అంతే.

"గాలితోని కాదుర భాయ్, వాటర్ కూలింగ్ పెట్టు," అన్నాడు అనూప్. మా ఆఫీసే, కరీంనగర్ వాడు. "సీల్ చేసిన కిట్ దొరుకుతది. నీళ్ళు లోపల్నే ఉంటయ్. స్క్రూలు బిగించు, చాయ్ తాగు, అయిపాయె."

మా ఇంట్లో కాలేజీ చదువు చదివిన మొదటివాణ్ణి నేనే. ఏ వస్తువు కొన్నా దాంతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం నా అలవాటు. ఈసారి కొనకముందే చదివాను. కరెంటు పక్కన నీళ్ళు తిరగడమనేసరికి ధైర్యం చాలక, వీధి చివర ఉండే విశ్వనాథం గారిని అడిగాను. ఆయన పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఈ దేశానికి వచ్చి, పవర్ ప్లాంట్లలో నీళ్ళతో వేడిని లాగేసే యంత్రాల ఇంజనీరుగా రిటైరయ్యారు.

"విప్పలేని వస్తువు కొనకోయ్," అన్నారు. "లోపల ఏమైందో చూడ్డానికి వీల్లేకపోతే నువ్వు ఇంజనీరువి కావు, భక్తుడివి."

"లీకైతే, అంకుల్?"

"అవుతుందో లేదో ముందే చూస్తాం. రాగి చెంబులో మజ్జిగ పోస్తావా?"

"పొయ్యను."

"రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్ళలో పెట్టినా అంతే, చెడిపోతుంది. నువ్వు చూసిన ఆ చవక అల్యూమినియం రేడియేటర్ వద్దు. అన్నీ రాగివే తెప్పించు."

అలా తేలింది. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి దిమ్మ, పంపు, గాజులా కనిపించే నీళ్ళ డబ్బా, గొట్టాలు, నీళ్ళ వేడిని గాలికి వదిలే పెద్ద రేడియేటర్, అన్నీ విడివిడిగా గురువారానికి వచ్చాయి. బిగించాక, కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, ప్రతి అతుకు కిందా పేపర్ టవల్ పరిచాం. తెల్లారి చూస్తే ఒక్కటీ తడవలేదు.

శుక్రవారం సెలవు పెట్టాను. గొట్టాల్లోని గాలి బుడగలు పోవాలని డబ్బా మూత తీసి ఉంచాం. విశ్వనాథం గారి భార్య ఛాయాదేవి ఆంటీ కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, అక్షింతలు పట్టుకొచ్చారు.

"కొత్త యంత్రానికి బొట్టు పెట్టకుండానే మీట నొక్కుతారటర్రా?"

బొట్టు పెట్టాం. కాయ బయట మెట్టు మీద కొట్టాను. కంప్యూటర్ పక్కనే కూర్చున్న విద్య, అక్కడికక్కడే వంగి ఆంటీ కాళ్ళకు దణ్ణం పెట్టింది. "అనుకున్నది జరుగుతుందమ్మా," అంటూ ఆంటీ గుప్పెడు అక్షింతలు ఆమె నెత్తిన వేశారు.

మీట నొక్కాం. తొంభై డిగ్రీలు దాటే వేడి అరవై దగ్గర నిలబడింది. ఫ్యాన్ల చప్పుడు లేక, వంటింట్లో కొళాయి కారడం వినబడింది. గేదె వెంట్రుకలు ఒక్కో దృశ్యమే తయారవుతుంటే విద్య అక్కణ్ణించి లేవలేదు.

శనివారం పొద్దున తెర మీద వేడిని చూపే అంకె పైకి పాకడం మొదలైంది. డెబ్బై, ఎనభై, తొంభై. కంప్యూటర్ ఆగిపోయింది.

"పోనీలెండి," అంది విద్య. "వచ్చే ఏడు పంపుదాం."

ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. అందరికీ ఫోన్ చేశాను.

ముందు అనూప్ వచ్చి గొట్టాలు చూశాడు. "నేన్ జెప్పలె? నీళ్ళు పచ్చగైనయ్. తుప్పు పట్టింది."

"రాగికి పట్టేది ఆకుపచ్చ చిలుమోయ్. ఇది ఆ రంగు కాదు," అన్నారు వెనకే ఆంటీతో వచ్చిన విశ్వనాథం గారు.

విద్య డబ్బాలో వేలు ముంచి వాసన చూసింది. "అంకుల్, ఇది పసుపు. కూరలో వేసే పసుపు."

నీళ్ళు తోడేసి రాగి దిమ్మ విప్పాం. దాని లోపల దువ్వెన పళ్ళలాంటి సన్నటి సందులు ఉంటాయి. వాటి మొదట్లో, నాని ఉబ్బిన బియ్యపు గింజలు దారికి అడ్డంగా కూర్చున్నాయి.

ఎవరూ ఆంటీ వైపు చూడలేదు. ఆవిడే అందుకున్నారు. "నేను వేసింది పిల్ల నెత్తిన. మధ్యలో మీరు డబ్బా తెరిచి పెడతారని నాకేం తెలుసు?"

"పవర్ ప్లాంట్ గొట్టాల్లో చేపలు చూశాను, నత్తలు చూశాను," అన్నారు విశ్వనాథం గారు. "బియ్యం ఇదే మొదలు."

విద్య నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకునేదాకా.

"సీల్ కిట్ అయితే బియ్యం పడకపోవు," అన్నాడు అనూప్.

"అది మొరాయిస్తే ఇవాళ ఏం చేసేవాడివి?" అన్నారు విశ్వనాథం గారు.

అనూప్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "కొరియర్ కోసం చూసేటోణ్ణి. ఆ టీ జల్లెడ ఇటియ్యండి ఆంటీ."

పాత టూత్‌బ్రష్‌తో దిమ్మ నేను తోమాను. అనూప్ డబ్బానూ గొట్టాలనూ కడిగి, ఆ నీళ్ళు జల్లెడలో వడకట్టి, ఇంకే గింజా రావడం లేదని తేల్చాడు. కొత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, అతుకులు మళ్ళీ పరీక్షించి, మధ్యాహ్నానికి మొదలుపెట్టాం. డబ్బా మూత మాత్రం విద్యే బిగించింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అంకె అరవై దాటలేదు. ఆదివారం మధ్యాహ్నం గేదె చివరి వెంట్రుక కూడా పూర్తయింది. డీవీడీ విద్యే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

అక్టోబరులో శాంటా క్లారా హాల్లో ఆ సినిమా వేశారు. ఆఖర్న గేదె లేచి ఒళ్ళు విదిలించుకుంటుంది. దుమ్ము ఎగిరి, ఎండలో ఒక్కో వెంట్రుకా మెరుస్తుంది. హాలంతా చప్పట్లు. ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే బహుమతి గేదెకే వచ్చింది. ఏ స్టూడియోలో చేశారని స్టేజి మీద అడిగితే, "మా డైనింగ్ టేబుల్ మీద," అంది విద్య. నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

తర్వాత వీసా మారింది, ఆమెకు మంచి స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. సినిమా చివర పేర్లు వచ్చే వేళకి మనలో చాలామంది కారు తాళాలు వెతుక్కుంటూ లేస్తాం. ఇకపై ఏ బొమ్మల సినిమాకైనా వెళితే ఇంకొంచెంసేపు కూర్చోండి. కింద నుంచి పైకి పోయే ఆ చిన్న అక్షరాల్లో ఎక్కడో కొప్పర్తి విద్య అని ఉంటుంది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.