పొన్నుతాయి కలిపిన వరస

కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలోని తెలుగు కుటుంబాల్లో పెళ్లి మాట పుట్టిందంటే, జాతకాలకంటే ముందు పొన్నుతాయి గడప తొక్కాలి. డెబ్బై ఆరేళ్ల ఆ మనిషికి నాలుగు తాలూకాల వావివరసలు కంఠస్థం. మగవాడికొక చింతపిక్క, ఆడమనిషికొక పల్లీ గింజ చొప్పున నేలమీద పేర్చి, తాతల నుంచి మనవల దాకా బారులు తీరుస్తుంది. చివర్న "కుదిరింది" అంటే మేళం మాట్లాడుకోవచ్చు. "కుదర్దు" అంటే ఎంత గొప్ప సంబంధమైనా లేచి పోవలసిందే.

ఆమె మాట కాదన్నది సొంత మనవలే. పెద్ద మనవరాలు కాళీశ్వరి, మేనమామ కొడుకును కాదని, కాలేజీలో పరిచయమైనవాణ్ణే చేసుకుంటానని వారం రోజులు అన్నం మానేసి సాధించింది. మనవడు సురేష్‌కుమార్ ఇంకా ఘనుడు. రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. రెండుసార్లూ పొన్నుతాయి అరిచింది, అలిగింది, నెల తిరక్కముందే కొత్త జంటకు తానే కొసరి కొసరి వడ్డించింది. ఎదిరించేవాళ్లతో ఎలా పోట్లాడాలో, ఎంతలో ఓడిపోవాలో ఆమెకు బాగా తెలుసు.

చిన్న మనవరాలు సంగవి ఎదిరించలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇంటి వెనక షెడ్డులో పల్లీ మిఠాయి తయారీ అంతా సంగవిదే. వసంతకుమార్‌ది విరుదునగర్‌లో పల్లీల వ్యాపారం. వారానికోసారి లోడు వెంట తానే వచ్చేవాడు. బస్తాలు దించడానికి అరగంట చాలు. అతను మాత్రం రెండు గంటలుండేవాడు. ఇంట్లో అందరికీ అర్థమైంది.

రెండేళ్ల కిందట అతని తల్లిదండ్రులు గోవిందరాజ్, అముద పిల్లనడగడానికి వచ్చారు. పొన్నుతాయి చింతపిక్కలు కూడా బయటికి తీయలేదు. సంగవి తల్లి వళ్ళియమ్మాళ్, ఈ అముద ఆలంగుళంలో ఒకే వీధిలో పెరిగారు, ఈనాటికీ అక్కా, చెల్లీ అని పిలుచుకుంటారు. "అక్కచెల్లెండ్ల బిడ్డలు అన్నాచెల్లెండ్లు. కుదర్దు," అనేసింది. రక్తసంబంధం ఏదీ లేనప్పుడు వీధిలో పిలుచుకునే వరసే వరస. ఆ కట్టుబాటు అందరూ ఎరిగిందే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు.

"అవ్వ చెప్తే సరే," అంది సంగవి. ఏడవలేదు, అన్నం మానలేదు. వసంతకుమార్ రావడం మానేశాడు, లోడుతో డ్రైవరొక్కడే వస్తున్నాడు. ఆ తర్వాత ఎన్ని సంబంధాలొచ్చినా "వద్దు" అని ఒక్క మాట చెప్పి పాకం చూసుకోవడానికి వెళ్లిపోయేది. మొన్ననే ఇరవై ఆరు నిండాయి.

ఆ అణకువే పొన్నుతాయిని నిలవనివ్వడం లేదు. ఎందుకంటే రక్తసంబంధం ఉంది. అది తెలిసింది ఆమె ఒక్కదానికే. గోవిందరాజ్ తండ్రి మారిసామి ఆమెకు పెదనాన్న కొడుకు. కడంబూరు దగ్గరి పల్లెలో ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పళ్లెంలో తిని పెరిగారు. ఆమెకు తోడబుట్టిన మగవాళ్లు లేరు, అన్నంటే మారిసామే. ఆమె కొడుకు, సంగవి తండ్రి లక్ష్మణసామికి చెవులు కుట్టేనాడు మేనమామగా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవలసినవాడు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఎవరో దూరపు చుట్టం ఒళ్లో పెట్టి కుట్టించారు. "నాకు అన్న లేడు," అంది పొన్నుతాయి ఆ రోజు. తర్వాత అతను విరుదునగర్ చేరి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే పోయాడు. యాభై ఏళ్లుగా ఆమె పేర్చే బారుల్లో ఆ పేరుకు చోటు లేదు. వాడి మనవడు తన ఇంటి పిల్లను అడిగేసరికి పాత కోపం ఆమె నోటితో తీర్పు చెప్పింది.

ఇప్పుడు, ఒక ఆదివారం పొద్దున, గోవిందరాజ్, అముద మళ్లీ వచ్చారు.

"పెద్దమ్మా, మావాడికి కారియాపట్టిలో ఒక పిల్లని చూసినాము," అన్నాడు గోవిందరాజ్, చాప మీద కూర్చుంటూ. "నువ్వు వరస చూసి సరీ అంటే ముందుకు పోతాము."

"వాడేమంటాడు?"

"ఏమంటాడు! 'మీ ఇష్టం' అంటాడు," అంది అముద. "ఈ రెండేండ్లుగా వాడి నోట్లో ఉండేది ఆ ఒక్క మాటే."

"ఈడా అదే కతే," అని వంటింట్లోంచి వళ్ళియమ్మాళ్ గొణిగింది.

సంగవి కాఫీ గ్లాసులు తెచ్చింది. "తీసుకో పిన్నీ," అంది. అంతకుముందు అముదను ఆంటీ అనేది. అవ్వ తీర్పు తర్వాత, తీర్పు ప్రకారం, పిన్ని అంటోంది. ఆ పిలుపు పొన్నుతాయికి చెంప మీద కొట్టినట్టయింది.

ఆమె పిక్కలూ గింజలూ ఉన్న డబ్బా తెరిచింది. కింద వసంతకుమార్‌కు ఒక చింతపిక్క. దాని పైన గోవిందరాజ్. ఆ పైన మారిసామి. యాభై ఏళ్ల తర్వాత ఆ పేరుకు పిక్క పెడుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"మీ నాయనకు తోడబుట్టినోళ్లు?" ఎవరినైనా అడిగే ప్రశ్నే.

"ఎవురూ లేరు పెద్దమ్మా. ఒక చెల్లెలుండాదని మాత్రం చెప్తా ఉండె, పావం. చిన్నాయన కూతురంట. పేరడిగితే కండ్లనీళ్లు పెట్టుకుండేవాడు. ఆ యమ్మ బిడ్డకు చెవులు కుట్టేనాడు ఉత్త చేతుల్తో ఎట్ల పోయేదని సిగ్గుపడి, చేనికాడ దాక్కున్న్యాడంట. ఆ పైన మొకం చూపించలేకపోయినాడు."

పొన్నుతాయి డబ్బాలోంచి ఒక పల్లీ గింజ తీసి మారిసామి పక్కన పెట్టింది.

"ఇదెవురు?" అన్నాడు గోవిందరాజ్.

"నేను."

ముందుగా తేరుకున్నది కొడుకు లక్ష్మణసామి. తల్లిని కాపాడుకోవాలనుకున్నాడు. "వయసైంది గదమ్మా, మరిచిపోయుంటావు. దానికేముంది!"

"అవును, పెద్ద ప్రాణం," అని గోవిందరాజ్ కూడా అందుకున్నాడు.

తలూపితే చాలు. నాలుగు తాలూకాల్లో పేరు చెక్కుచెదరకుండా ఉండేది. పొన్నుతాయి సంగవి వైపు చూసింది. ఆ పిల్ల ఖాళీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే ఉంది.

"మరవలా," అంది పొన్నుతాయి. "ఆ పొద్దే తెలుసు. కోపంలో కావాలనే చెప్పలా."

"అత్తా!" వళ్ళియమ్మాళ్ గరిటెతో సహా బయటికొచ్చింది. "రెండేండ్లు! నా బిడ్డ రెండేండ్లు నోరు మూసుకోని పాకం కలిపిందే. నీకు కండ్లు కనపడలేదా?"

"కనపడింది. తిట్టు, నిండా తిట్టు. ముదల్లో నేను చెప్పేది విను, ఆ పైన తిట్టు." పొన్నుతాయి నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. "రక్తంలో దారి ఉంటే వీధి దారి నిలవదు. గోవిందరాజూ, మీ నాయన నాకు అన్న. నేను నీకు అత్త. ఈ లచ్చుమణసామి నీకు బావ. నీ కొడుకు నా మనవరాలికి బావ. వరస కుదిరింది. నేను చెప్పినానని ఊరంతా చెప్పండి. అబద్దం ఆడినానని కూడా చెప్పండి."

సంగవి వచ్చి నేలమీద గొంతుక్కూర్చుంది. అవ్వ మాట మీద ఊరుకోలేదు. ఒక్కొక్క గింజ మీద వేలు పెట్టి, కింద నుంచి పైకి, పై నుంచి ఇటువైపు కిందికి, రెండుసార్లు లెక్క చూసుకుంది.

"మళ్లా మార్చవు గదా?"

"నువ్వే చూసినావు గదే."

"చూసినా. సరిగానే ఉండాది." లేచింది. "కాఫీ ఇంకొంచెం తెచ్చేదా, అత్తా?" అని అముదను అడిగింది. అముద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"మేమంతా కొట్లాడి చేసుకుంటిమి," అన్నాడు ఓ పక్కన నిలబడి చూస్తున్న సురేష్‌కుమార్. "ఇది సుమ్మా, నోరు మెదపకుండా ఉండి అవ్వనే పడగొట్టింది."

"అంతా సరే అత్తా, కారియాపట్టోళ్లకేం చెప్పేది?" అన్నాడు గోవిందరాజ్. పెద్దమ్మ పోయి అత్త వచ్చిందని అతనే గమనించలేదు.

"పిల్లోడికి ఇంట్లోనే మేనరికం ఉండాదని చెప్పు. నిజమే గదా."

తాంబూలాలకు ఈ ఇంటివాళ్లంతా రెండు వ్యాన్లలో విరుదునగర్ వెళ్లారు. హాల్లో ఎదురెదురుగా రెండు జమఖానాలు పరిచారు, ఒకటి పిల్లవైపు వాళ్లకు, ఒకటి పిల్లవాడివైపు వాళ్లకు. కాళీశ్వరి చెయ్యి అందివ్వబోతే వద్దని, పొన్నుతాయి నేరుగా వెళ్లి గోవిందరాజ్ పక్కన కూర్చుంది.

"అవ్వా, మన పక్క ఇది!" సురేష్‌కుమార్ కేకేశాడు.

"ఇది మా అన్న ఇల్లురా. ఆడబిడ్డకు ఈడ చోటు లేదా?"

అముద గబగబా లోపలికి పోయి, ఆడపడుచుకు పెట్టవలసిన చీర పళ్లెంలో పెట్టుకొచ్చింది. పొన్నుతాయి మడత విప్పి, అంచు చూసి, బాగుందన్నట్టు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఎదురుగా ఉన్న మనవరాలి వైపు తిరిగింది. మగపెళ్లివారి పెద్ద మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమ్మా, మా పిల్లోణ్ణి చేసుకుంటావా?"

"రెండేండ్లకు ముందే అడిగుండాల నువ్వు," అంది సంగవి.

వసంతకుమార్ తల వంచుకున్నాడు. పొన్నుతాయి మాత్రం చూపు తిప్పుకోలేదు.

"అడిగుండాల్సిందే. తప్పు నాది. ఇప్పుడు అడుగుతా ఉండా, చెప్పు."

సంగవి అవ్వను చూసింది, ఆమె పక్కనున్న వసంతకుమార్‌ను చూసింది.

"చేసుకుంటా," అంది గట్టిగా, వెనక వరసలోని ముసలివాళ్లకు కూడా వినిపించేలా.