అత్తయ్య వైరు

ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి నేర్చుకుంటున్నాను. అందులోని కంప్యూటర్లకి మా ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టాను. ఒక వైరు తెగితే మిగతావి ఎలా మాట్లాడుకుంటాయో చూద్దామని "లింక్ అత్తయ్య డౌన్" అని టైపు చేశాను.

"నన్నెందుకమ్మా డౌన్ చేశావు?" అంది అత్తగారు, నా వెనక నిలబడి కళ్లజోడు సర్దుకుంటూ.

"మీరు కాదత్తయ్యా, ఉత్తి పేరే. ఇదిగో, మళ్లీ కలిపేస్తున్నా."

"కలుపుదువుగానిలే. ఆ పైన కూడా నా పేరే ఉన్నట్టుందే?"

తెరని పైకి జరిపి చూశాను. పొద్దుట్నుంచి పదకొండుసార్లు తెంపాను, పదకొండుసార్లూ ఆవిడ వైరే. మావయ్యగారిది గానీ మా ఆయనది గానీ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

"చేతికి అలవాటైపోయిందత్తయ్యా," అన్నాను. అనేశాక గానీ అదెంత నిజమో నాకు తెలియలేదు. ఇక తలెత్తలేకపోయాను.