బీరూటుకి ఊరికే

లీలారాణి పుట్టినతేదీ ఈ భూమ్మీద ఒక్కచోటే రాసి ఉంది. అది నరసన్నపేట దగ్గర మా ఊరి చర్చి రిజిస్టరు. ఆ రిజిస్టరు ఉన్న ట్రంకుపెట్టె తాళంచెవి సంఘపెద్ద అబ్రహాం చొక్కా జేబులో ఉంటుంది. అబ్రహాం ఆవిడ అక్క మొగుడే. ఆయన ఆ తేదీని కాగితమ్మీదికెక్కించి సంతకం పెడితే పాస్‌పోర్టు వస్తుంది. పెట్టకపోతే రాదు. దరఖాస్తు సోమవారం టపాలో పడాలి.

ఇరవయ్యారేళ్లుగా మిషనాసుపత్రిలో నర్సు లీలారాణి. పెళ్లి మాట తలపెట్టలేదు. తనతో ట్రైనింగైన పద్మకుమారి ఇప్పుడు బీరూటులో ఉంది. భర్తకి విమానాల కంపెనీలో ఉద్యోగం. "ఈ ఏడు మావాళ్లలో ఒకరికి టికెట్టు ఇస్తారు. నువ్వు రా, ఐదు రోజులుండి పో" అని రాసింది. లీలారాణి జ్వరం చార్టు వెనక లెక్క వేసుకుంది. ఆమదాలవలసలో రైలు, బొంబాయిలో విమానం, ఐదు పగళ్లు సముద్రపొడ్డు, పన్నెండో రోజున మళ్లీ డ్యూటీ.

"అక్కడ నీకు పనేటి?" అన్నాడు అబ్రహాం.

"పనేటీ నేదు బావా. ఒడ్డున కూకుంటాను. సేపలు తింటాను."

"సముద్రం మనకి నేదేటి? కళింగపట్నం బస్సెక్కు."

"అక్కడికెల్తే నర్సమ్మొచ్చిందని పురుడుకి లాక్కుపోతారు. ఆ ఒడ్డున నన్నెవులూ ఎరగరు."

అబ్రహాం గొంతు తగ్గించాడు. "పోనీ యెరూషలేం యాత్రని సెప్పు. ఇప్పుడే సంతకం ఎడతాను. ఆదివారం దండ కూడా ఏయిస్తాను."

"యెల్లని సోటికి యెల్తన్నానని సెప్పమంతావా, సంఘపెద్దవై ఉండి?"

ఆయన మొహం మాడిపోయింది. మా సంఘంలో ఒక పద్ధతుంది. మనిషి మొహమ్మీద అనలేనిది దేవుడితో అంటారు, ఆ మనిషి వింటుండగా. శనివారం మధ్యాహ్నం అబ్రహాం తన ఇంట్లోనే ప్రార్థన కూటం పెట్టించాడు. చాపల మీద ఇరవైమంది. వంటింట్లో ఆయన భార్య అప్పలమ్మ చేసిన నాటుకోడి కూర, గారెలు. ప్రార్థన మొదలైతే ఆమేను అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, లేవకూడదు, విస్తరి ముట్టకూడదు.

"పరలోకమందున్న తండ్రీ," అని ఎత్తుకున్నాడు అబ్రహాం, "అన్యదేశపు సముద్రతీరములయందు వినోదమును కోరు నీ దాసురాలి హృదయమును మళ్లించుము."

"అవును తండ్రీ" అంది చాపంతా.

అక్కడితో ఆమేను అనేస్తే సరిపోయేది. కానీ మరదలు తన నోటితో తాను లొంగితే వినాలనిపించింది ఆయనకి. "ఇప్పుడు సహోదరి లీలారాణి ప్రార్థించి ముగిస్తుంది" అన్నాడు.

లీలారాణి గొంతు సవరించుకుంది.

"తండ్రీ, నాకు బావలాగ పుస్తకం మాటలు రావు. ఈ సాపల మీద కూకున్నోళ్లలో పదిమంది నా సేతుల్లో పడ్డోళ్లే. నీకు సెలవెప్పుడమ్మా అని ఒక్కలడిగినారా? నువ్వూ మనిసిగా ఉన్నన్నాళ్లూ జనం నిన్నూ ఒగ్గనేదు. అప్పుడు నువ్వేటి సేసినావు? తూరు, సీదోను ఊళ్ల దిక్కు నడిసెల్లిపోనావు. ఒక ఇంట్లో దూరి, నానిక్కడున్నానని ఎవులికీ తెలీకూడదనుకున్నావు. ఈ బీరూటుదీ ఆ ఒడ్డే. నిన్ను సంతకం ఎవులడిగినారు తండ్రీ?"

ఈసారి "అవును తండ్రీ" అన్నవాళ్లు లేరు. కోడికూర వాసన మాత్రం గది దాకా వచ్చింది.

"నాను పోసిన పురుళ్లన్నీ నీకు సెప్పుకుంటాను. తొందరేటీ నేదు. మొదట ఎర్రన్న, ఎదురుకాళ్లతో వచ్చినాడు..."

ఎర్రన్న సిగ్గుతో దగ్గాడు. ఆవిడ ఒక వీధి పూర్తిచేసి రెండో వీధిలో పడింది. ఎవరి కడుపో గుర్రుమంది.

"లీలా," కళ్లు మూసుకునే గొణిగాడు అబ్రహాం, "గారెలు సల్లారిపోతన్నాయే. ఆమేననే."

"తండ్రీ, బావ గారెల మాట సెప్పినాడు. సంతకం మాట సెప్పనేదు. ఇంక మా అప్పలమ్మప్ప నాలుగో కానుపు. అప్ప లోపల కేకలెడతంటే, గుమ్మం బైట బావ ఏటైపోనాడో నీకూ నాకూనే తెలుసు. ఇయ్యాల అందరికీ..."

చాప మీద తాళంచెవి టప్పున పడింది.

లీలారాణి తడిమి, దాన్ని పిడికిట్లో బిగించింది.

"ఆమేను."

అందరూ విస్తళ్ల మీద పడ్డారు. అబ్రహాంని మాత్రం కదలనివ్వలేదు. "ముందు కాగితం" అంది. ఆయన గది మూలనున్న ట్రంకుపెట్టెలోంచి రిజిస్టరు తీశాడు, పేరు రాశాడు, తేదీ ఎక్కించాడు. చివర కలం ఆగింది.

"దేనికోసం ఇచ్చినామో రాయాలి. ఇప్పుడైనా యెరూషలేమనేసేదా?"

"బీరూటని రాయి. ఊరికే యెల్తన్నాదని రాయి."

"ఊరికే అంటే ఆఫీసోళ్లు ఒప్పుతారేటే?"

లీలారాణి తడి సిరా మీద ఊదింది. "ఒప్పకపోతే ఆళ్లనీ కళ్లు మూసుకోమంతాను."