ఉతకని చొక్కాలు

బెరిల్ చొక్కా మెడపట్టీకి కొవ్వొత్తి మైనం రుద్ది, దానిమీద చిక్కటి టీ నీళ్ళు చిలకరించింది. తిమింగలం నూనె మరక సిద్ధం. ఇంకో చొక్కా అందుకుంది. పడుచుదనమంతా చేపల వలలు అల్లిన వేళ్ళు వంకరపోయాయి. గుండీ పెట్టాలంటే మొరాయిస్తాయి. ముడి వేస్తే మాత్రం ఇనుమే.

ఇంగ్లండులోని హల్ రేవులో టీవీ నాటకం తీస్తున్నారు. ధ్రువసముద్రంలో తిమింగలాల వేటకి వెళ్ళి ఒక్కడూ తిరిగిరాని ఓడ కథ. రేవు గోదాములో బట్టల విభాగం. మరకలు పెట్టడం, మరకలు వదిలించడం బెరిల్ పని. మంచులో చచ్చే సీన్లన్నీ కిందటి నెలే తీసేశారు. ఓడ బయల్దేరే సీను ఇవాళ.

మధ్యాహ్నం ఇమొజెన్ ఓ బుట్ట తెచ్చి ఉతికే తొట్టి పక్కన దించింది. ఆ విభాగానికి ఆమె పెద్ద. లండన్ పిల్ల, మెడలో ఎప్పుడూ కత్తెర వేలాడుతుంటుంది.

"ముప్ఫైరెండు చొక్కాలు. సాయంత్రానికి ఆరాలి బెరిల్ గారూ. పొద్దున్నే ప్రార్థన సీను."

"రేపు తెల్లారకుండా వచ్చి ఉతుకుతా తల్లీ. ఇవాళ కాదు."

"ఏం?"

"ఓడ కదులుతోందిగా. మగాళ్ళు సముద్రం మీదికి పోయే రోజు వాళ్ళ బట్టలు ఉతక్కూడదు. నీళ్ళు లాక్కుపోతాయి."

ఇమొజెన్ నవ్వేసింది. "వీళ్ళంతా కిందటి నెలే చచ్చారండీ! ఆ రక్తం ఉతికింది మీరే."

"అప్పుడెవడూ బయల్దేరలేదు."

"రేవు నీటిగేటు దాటి వెనక్కొచ్చేస్తుందంతే. అరగంట!"

"మునగడానికి అరగంట ఎక్కువే."

తిమింగలాన్ని పొడిచే ఈటెగాడి వేషం వేసే టోబీ గుమ్మంలో నిలబడి వేయించిన బంగాళాదుంపలు తింటున్నాడు. "నాకు ఈత కూడా రాదు. నా చొక్కా ముట్టుకోకండి బాబూ," అని ఓడ ఎక్కడానికి వెళ్ళిపోయాడు.

బెరిల్ మొగుడు లెన్ చేపల ఓడతోపాటే సముద్రంలో పోయాడు. నలభై తొమ్మిదేళ్ళయింది. ఇమొజెన్‌కి ఆ సంగతి తెలుసు. గొంతు తగ్గించింది.

"ఆయన వెళ్ళిన రోజు ఉతికారా?"

"లేదు. ఒక్క జేబురుమాలు కూడా తడపలేదు."

"అయినా రాలేదుగా?"

"రాలేదు. కానీ నా చేతిమీదుగా పోలేదు. ఆ ఒక్కదానితోనే ఇన్నేళ్ళూ కంటినిండా నిద్రపోయాను. నీ ప్రార్థన సీను కోసం ఇప్పుడు పాడుచేసుకోమంటావా?"

ఇమొజెన్ మొహం ఎర్రబడింది. "ఇవాళ ఉతక్కపోతే రేపట్నించి రానక్కర్లేదు."

"సరే. రేపైతే ఉతికేదాన్నే."

బెరిల్ నీలం ఏప్రన్ విప్పింది. దాన్ని కొళాయి చుట్టూ తిప్పి, నాడాలు గొట్టం కిందనుంచి లాగి, వల ముడి వేసింది. కోటు తొడుక్కుంది. రేవు వైపు తలుపు తెరిచే ఉంది. సాగనంపడానికి రేవుకి పోకూడదని కూడా వాళ్ళ వీధి ఆడవాళ్ళ పట్టింపు. వెనక తలుపులోంచి, ఒక్కసారైనా తిరిగి చూడకుండా, బస్సు కోసం నడిచింది.

తనే ఉతుకుదామని ఇమొజెన్ ముడి విప్పబోయింది. లాగినకొద్దీ బిగిసింది. గోరు విరిగింది. కత్తెర తీసింది.

కిటికీలోంచి ఓడ కనిపించింది. గేటు దాటుతోంది. గట్టుమీద పొడుగు గౌన్ల ఆడవాళ్ళు, దర్శకుడు చెప్పినట్టే, చేతులూపుతున్నారు. ఓడమీద టోబీ తాడుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె కత్తెర వదిలేసింది. అది మళ్ళీ గుండెమీదికి జారింది. ఓడ వెనక్కి తిరిగేదాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

పొడిగానే ఉన్న తొట్టి మీద, కొళాయిని కరుచుకుని, ఏప్రన్ అలాగే ఉంది. దాని అంచున టీ మరక ఆరిపోయింది.